నువ్వు ముందు చదువమ్మా

సెప్టెంబర్ 13

రెండో శనివారం. ఫహీమ్ సారు ఇప్పుడే వచ్చి వెళ్లారు. ఊళ్లో ప్రైమరీ బడికి ఆయనే హెడ్మాస్టరు. బడికి రాని పిల్లల పేర్లు పైవాళ్లు అడిగారట, అందులో మా పదేళ్ల షైనీ పేరు వచ్చిందట. "పాప ఐదేండ్ల సంది ఏ బడికి పోతలేదంటమ్మా, జర చూసి పోదామని అచ్చిన" అన్నారు చెప్పులు విప్పుతూ. మనిషి మెత్తనే. అయినా నాకు లోపల చుర్రుమంది. చూసి పోవడానికి ఇదేమన్నా కోళ్ల షెడ్డా?

కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. తెలుగు వాచకం ఆయన చేతికే ఇచ్చి, ఎక్కడ కావాలంటే అక్కడ చదివించుకోండి అన్నాను. ఆయన ఏదో పేజీ తీశారు. షైనీ తొంగి చూసి, "గది గాదు సార్, గీ పాఠం మంచిగుంటది" అని తనే పేజీ తిప్పుకుంది. ఎంత ధైర్యం! బడిలో పెరిగిన పిల్లయితే చేతులు కట్టుకుని వణికేది. వేలు పెట్టి గలగలా చదివేసింది. ఒక్కచోట తడబడితే ఒట్టు. సారు చాయ్ చల్లారిపోయింది. "మా బడిల గిట్ల చదివేటోళ్లు ఇద్దరు గూడ లేరమ్మా" అన్నారు.

మరి ఊరికే వచ్చిందా? నేను జగిత్యాలలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. పిల్లల్ని ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం చూసి చూసి విసిగి, కరోనాలో బడులు మూతపడ్డప్పుడు నా బిడ్డను ఇంకెప్పుడూ ఆ గేటు లోపలికి పంపనని ఒట్టు పెట్టుకున్నాను. మా ఇంటి బడిలో పరీక్షలు లేవు, డిక్టేషన్ లేదు, చదువుతున్న పిల్లను మధ్యలో ఆపి తప్పు దిద్దడం లేదు. పొద్దున మేకలకు మేత వేస్తూ పాఠం నేను చదివి వినిపిస్తాను. సాయంత్రం అది నాకు చదివి వినిపిస్తుంది. అంతే.

ఈయన రాగానే సంగతంతా చెప్పాను. మా ఆయన బాలరాజు బోరు మోటార్ల మెకానిక్కు, వచ్చేసరికి మోచేతుల దాకా గ్రీజు. "నువ్వు చెప్పంగ నేనెప్పుడన్న కాదన్ననా లతా" అన్నాడు. ఎన్నిసార్లు కాదన్నాడో నాకు తెలుసు.

సెప్టెంబర్ 21

ఒకటే వాన. మిరప మడిలో నీళ్లు నిలిచాయి. అత్తమ్మ గొడుగు కూడా లేకుండా పోయి గండి కొట్టి వచ్చింది. ఈ ఎకరం పది గుంటలు మా రెండు వైపులా ఎవరికైనా దక్కిన మొదటి భూమి. రూతమ్మ, అంటే మా అత్తమ్మ, రోజూ పొద్దున గట్టు చుట్టూ ఒకసారి తిరిగి వస్తుంది, రాత్రి ఎవరైనా కొంత కోసుకుపోయారేమో అన్నట్టు.

సాయంత్రం ఇంటి ప్రార్థనలో బైబిలు ఆమే చదువుతుంది. షైనీ పక్కనే కూర్చుని ఆమె వేలినే చూస్తుంటుంది. ఇవాళ షైనీ పాఠం చదువుతూ పేజీ పూర్తి కాకముందే తిప్పేసింది. చదవడం మాత్రం ఆగలేదు. దాని మనసు కళ్లకంటే ముందు పరుగెడుతుంది.

అక్టోబర్ 3

కొత్త కథల పుస్తకం తెచ్చాను. షైనీ ముట్టుకోలేదు. పాతదే కావాలట. పిల్లలంతే.

ఫోన్లో ఏది వెతకాలన్నా టైపు చేయదు, నోటితో చెప్తుంది. సోమరిపోతు.

అక్టోబర్ 11

భయం ఇంకా పోలేదు. రాస్తే తగ్గుతుందేమో.

కోరుట్లలో మా అమ్మవాళ్లింటికి పోయి వస్తున్నాం, నేనూ షైనీ. బస్టాండు కిటకిట. నేను అరటిపండ్లు కొనడానికి పోతూ దస్తీ దాని చేతిలో పెట్టి, "జగిత్యాల బస్సు రాంగనే బోర్డు చూసి ఎక్కు, నాకు పక్క సీటు మీద దస్తీ ఎయ్యి" అన్నాను. దానికి కొత్త బస్టాండేమీ కాదు. పండ్లబండి దగ్గర గుంపు. తిరిగి వచ్చేసరికి జగిత్యాల బస్సు నిలబడే ఉంది. ఎక్కాను. షైనీ లేదు. సీటు సీటూ చూశాను. కిందికి దిగి మళ్లీ ఎక్కి చూశాను. లేదు.

నేను ఒర్రిన ఒర్రుడుకు బస్టాండంతా పోగయిందట. నాకైతే ఒక్కటే గుర్తు. ఎవరో ఆడమనిషి నా భుజం పట్టుకుని, "గిప్పుడే సిరిసిల్ల బస్సు పోయింది, అండ్ల కిటికీ కాడ ఒక పిల్ల ఒక్కతే కూసున్నది" అంది. అక్కడే చతికిలబడ్డాను.

అంతలో ఈయన ఫోను. బస్సు చాలా దూరం పోయాక కండక్టరమ్మ చూసిందట. ఎవరితో వచ్చినవంటే "మా అమ్మ అస్తది" అన్నదట. వాళ్ల నాన్న నంబరు గడగడా చెప్పిందట. ఆ తల్లెవరో గానీ చందుర్తిలో దింపి, బస్టాపు దగ్గర చాయ్ హోటలు నడిపే సర్వర్ బీకి అప్పగించి పోయింది. నేను వెనక బస్సులో ఏడ్చుకుంటూ పోయేసరికి నా బిడ్డ బెంచీ మీద కూర్చుని చాయ్‌లో బిస్కట్టు ముంచుకు తింటోంది. నన్ను చూసి, "సీటు ఆపిన. నువ్వే రాలే" అంది. కొట్టి కావలించుకున్నానో, కావలించుకుని కొట్టానో తెలియదు.

"జగిత్యాల జగిత్యాల అని ఎవరో ఒర్రిండ్రు, గందుకే ఎక్కిన" అంటుంది.

సర్వర్ బీ నాకు నీళ్లిచ్చి, "బోర్డు మీద గంత పెద్దగ సిరిసిల్ల అని రాసుంటది గదమ్మా. పిల్లకు చదువు రాదా?" అని అడిగింది.

"మా బిడ్డ ఐదో తరగతి పుస్తకం గలగల చదువుతది" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

అక్టోబర్ 12

బోర్డు చూసుకోలేదు, అంతే. ఆ వయసు పిల్లలు బోర్డులు చూస్తారా.

అక్టోబర్ 13

బోర్డు మీద దుమ్ము కొట్టుకుని ఉంటుంది.

అక్టోబర్ 19

ఈయన వారం రోజులు నోట్లో పెట్టుకున్న మాట ఇవాళ బయట పెట్టాడు. "సదువు అచ్చిన పిల్ల బోర్డు ఎందుకు సదువలే?"

దుమ్ము అన్నాను. గుంపు అన్నాను. చిన్నపిల్ల అన్నాను. అన్నీ విన్నాడు. విని, "క్రిస్మస్ దాకా చూస్త లతా. అటెన్క హాస్టల్‌ల ఏస్త. ఇగ నేను నీ మాటినుడు బంద్" అన్నాడు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. నెమ్మదిగా అన్నాడు.

హాస్టలంటే నెలకోసారి గేటు బయట నిలబడి బిడ్డను చూసుకోవడం. పొద్దున లేస్తే కోళ్ల గూడు తెరిచేది అదే. గుడ్లు తడిమి తెచ్చేది అదే. దాన్ని తీసుకుపోతే ఈ ఇంట్లో ఏముంటుంది? మధ్యాహ్నం దాకా ఏడ్చాను. అప్పుడు తట్టింది. కళ్లు! దూరం కనబడదు పిల్లకు. దగ్గర పుస్తకం చదువుతుంది, దూరం బోర్డు చదవలేదు. దేవునికి స్తోత్రం. నెత్తిన పాలు పోసినట్టయింది. కళ్లే.

నవంబర్ 2

కొడిమ్యాలలో ఉచిత కంటి శిబిరం ఉందంటే షైనీని తీసుకుపోయాను. పెద్ద హాలు, బెంచీల మీద ముసలివాళ్లు, గోడకు అక్షరాల చార్టు. మా ముందు దేవయ్య అని ఒక పెద్దాయన. ఒక కన్ను మూసుకుని పైనుంచి ఒక్కో అక్షరం చదివి, మూడో వరుసలో ఆగి, "ఇగ కింద మసక మసకగున్నది సారూ, నా కండ్లకు అందుతలేదు" అన్నాడు.

తర్వాత షైనీ. అదీ పైనుంచి చదివింది. మూడో వరుసలో అదే చోట ఆగింది. "ఇగ కింద మసక మసకగున్నది సారూ, నా కండ్లకు అందుతలేదు" అంది. అందరూ నవ్వారు. రాసుకునే అబ్బాయి కూడా నవ్వి, తాతకూ మనుమరాలికీ ఒక్కటే నంబరు అన్నాడు. వచ్చే వారం అద్దాలు ఇస్తారట.

ఇద్దరి చూపు ఒకేలా ఉండడం వింతేమీ కాదు.

నవంబర్ 9

అద్దాలు వచ్చాయి. ఎర్ర ఫ్రేము. ముఖానికి చక్కగా కుదిరింది. ఈయనకు చూపించి, "చూసినవా, కండ్లే" అన్నాను. ఈయన అద్దాలు తిప్పి తిప్పి చూసి మళ్లీ దాని ముక్కు మీదే పెట్టాడు. గెలిచాను.

నవంబర్ 10

"అమ్మా, గివి పెట్టుకుంటే కోళ్లు కనవడ్తలేవు."

అలవాటవుతుందిలే అన్నాను.

నవంబర్ 15

షైనీ నీళ్ల కాలువ దాటబోయి పడింది. గడ్డం పగిలింది. కాలువ ఇక్కడుందనుకుంటే అక్కడుందట. అత్తమ్మ ఎత్తుకొచ్చి పసుపు అద్దింది. అద్దాలు ముక్కలయ్యాయి. పీడ పోయింది.

ఇక దాచి ఎవరిని మోసం చేయను. శిబిరంలో దేవయ్య చదువుతున్నప్పుడు నేను షైనీ పెదాలే చూస్తున్నాను. అవి ఆయనతో పాటు కదులుతున్నాయి. ఆ రోజే తెలుసు నాకు. తెలిసి కూడా ఆ ముసలాయన నంబరు తెచ్చి నా పసిబిడ్డ ముక్కు మీద పెట్టాను. తల్లినా నేను?

నెత్తురు ఆగాక పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద రాశాను, నల్ల కోడి గుడ్డు పెట్టింది అని. మా పుస్తకాల్లో ఎక్కడా లేని మాట. చదువు అన్నాను. వేలు పెట్టింది, ముద్దుగా, మొదటి అక్షరం కింద. పెట్టి నా ముఖం చూసింది.

"నువ్వు ముందు చదువమ్మా."

"ఈసారి నువ్వే ముందు."

"నువ్వు చదువకుంటే నాకెట్ల తెలుస్తది?"

ఆ గొంతులో అబద్ధం లేదు. భయం కూడా లేదు. భయమంతా నాకే.

"మరి నాకెట్ల తెలుస్తదే?"

"నువ్వు చిన్నప్పుడు మీ టీచర్ కాడ ఇనుంటవ్."

చుట్టూ చూశాను. గోడకు కోళ్ల దాణా బస్తా ఆనించి ఉంది, ఈయన నిన్ననే తెచ్చాడు. దాని మీదున్నది చదివాను, పొడి చోట నిల్వ చేయండి అని. వెంటనే, "గది ఎవరి కాడ ఇన్నవ్?" అంది.

"ఎవరి కాడ ఇనలే. బస్తా మీద రాసున్నది."

"రాసుంటది సరే. చెప్పిందెవరు?"

ఐదేళ్లు. ఐదేళ్లు నేను చదివాను, అది విన్నది. విని, నాకే తిరిగి చెప్పింది. పుస్తకం చేత పట్టుకుని ఎవరో చెప్పింది పొల్లుపోకుండా మళ్లీ చెప్పడమే చదువనుకుంది. లోకమంతా అట్లాగే చదువుతుందనుకుంది. కాపీ పుస్తకంలో గుండ్రంగా రాసిన అక్షరాలు? చూసి గీసిన బొమ్మలు. మా గోడ మీద అక్షరాల చార్టు? అ నుంచి రాగం తీసి చివరిదాకా పాడింది. మధ్యలో ఆపి క మీద వేలు పెట్టి ఇదేందంటే, మళ్లీ మొదటి నుంచి పాడుకుంటూ వచ్చింది. "గది పాట గదమ్మా" అంది.

చెప్పాను. ఈ గీత ఇట్లుంటే క అనాలి, ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎక్కడ కనబడ్డా అదే అని. చాలాసేపు చార్టును చూసింది. బస్తాను చూసింది.

"ఎక్కడున్నా అదేనా? బస్సు మీద గూడనా?"

"బస్సు మీద గూడ."

ముఖం ఎర్రగా అయింది. ఏడుపు కాదు, కోపం. పడ్డప్పుడు కూడా ఏడవలేదు అది.

"గిది నీకు ఎప్పటి సంది ఎర్క?"

"చిన్నప్పటి సంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

నవంబర్ 16

చర్చికి పోలేదు. గట్లా ఎందుకనుకున్నవ్ బిడ్డా అని అడిగితే, "నానమ్మ గట్లనే చదువుతది గదా, ఇన్నది పుస్తకంల చూసి చెప్తది" అంది షైనీ.

అత్తమ్మ చర్చి నుంచి వచ్చి మేకల దొడ్డి ఊడుస్తుంటే పోయి నిలబడ్డాను. పన్నెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఈ ప్రశ్న ఎలా అడగాలో తెలియలేదు.

"అత్తమ్మా, నీకు చదువు అస్తదా?"

చీపురు ఆగింది. మళ్లీ కదిలింది. "సదువుమంటరు, సదువుత. ఒక్క మాటన్న తప్పు పోయిందా?"

పోలేదు. కీర్తనలకు కీర్తనలు ఆమెకు కంఠతా. పాస్టరమ్మ చదువుతుంటే చిన్నప్పుడు వరి కోతల కూలి నుంచి వచ్చి వెనక కూర్చుని విన్నదట. ఒక్కసారి వింటే పోదట. ఆ తల షైనీకి వచ్చింది.

"మరి పుస్తకం ఎందుకు పట్టుకుంటవ్?"

"పుస్తకం పట్టకుంటే ఎవరింటరు లతా? కైకిలి చేసుకునేదాని మాట ఎవడన్న ఇన్నడా? పుస్తకం పట్టుకున్ననాడు అందరు లేసి నిలవడ్డరు" అంది. అని, చేటెడు పెంట ఎత్తుకుని గుంత వైపు పోయింది. నేను సిగ్గుతో అక్కడే నిలబడ్డాను. ఆమెను అడగకుండా ఉండాల్సింది. అడగకుండా ఎట్లా ఉండను?

నవంబర్ 17

పాఠం లేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను.

నవంబర్ 19

ఈయనకు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గోళ్లలో గ్రీజు గీక్కుంటూ కూర్చున్నాడు.

"అమ్మకు సదువు రాదని నాకు ఎర్కనే" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"నువ్వడగలే. అమ్మ ఇజ్జత్ గది. గానీ, బిడ్డ గూడ గట్లనే సదువుతున్నదని నాకెట్ల తెలుస్తది? టీచరమ్మవు నువ్వున్నవని ఊకున్న."

ఈ చివరి మాటకు ఆయన రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది. హాస్టలు మాట ఎత్తాడు. ఇగ క్రిస్మస్ దాకా గూడ వద్దన్నాడు. పదేళ్ల పిల్లకు క తెలియదని హాస్టల్లో తెలిస్తే తోటి పిల్లలు ఏం చేస్తారో నాకు తెలుసు, నేను బడిలో పని చేశాను. షైనీ తలుపు వెనకే ఉంది. అంతా వింది. అది వింటే పోదు.

నవంబర్ 21

షైనీ పొద్దున్నే వచ్చి, "అమ్మా, ఫహీమ్ సార్‌కు గూడ ఎర్కనా, గీ అక్షరాల ముచ్చట?" అని అడిగింది.

ఎర్కనే అన్నాను.

"అయితే ఆయన చెప్తడు. నువ్వు చెప్పుడు మరిచిపోతవ్."

నవంబర్ 24

ఊళ్లో బడికి నేనే తీసుకుపోయాను. తొవ్వ పొడుగునా చెమటలు. సారుకు అంతా చెప్పాను, బస్సు, అద్దాలు, అన్నీ. ఆయన నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "నేను గూడ చాయ్ ముందట పెట్టుకొని విన్న గదమ్మా. ఇంకో పేజీ తీసి ఒక్క మాటన్న అడగలే" అన్నారు.

ఐదో తరగతిలోనే కూర్చుంటుంది. గంట కొట్టకముందు ఆయన అక్షరాలు చెప్తారు, సాయంత్రం ఇంట్లో నేను. మోకాళ్ల మీద నిలబెట్టరు కదా సార్ అని అడిగాను. "నేనే మోకాళ్ల నొప్పులోణ్ణి, పిల్లలను ఏడ నిలవెడ్త?" అన్నారు. ఈయన కూడా ఒప్పుకున్నాడు. హాస్టలు తప్పింది. ఇంటి బడి మూతపడింది. ఏది గెలుపో ఏది ఓటమో నాకు అర్థం కావడం లేదు.

డిసెంబర్ 7

క, గ, మ, ర వచ్చాయి. థ దగ్గర పుస్తకం విసిరికొట్టింది. నేను తెచ్చి ఇచ్చాను. మళ్లీ విసిరింది.

డిసెంబర్ 18

ప్రార్థనలో అత్తమ్మ చదువుతుంటే షైనీ మధ్యలో, "నానమ్మా, నీ వేలు దేవుడు అన్న కాడ లేదు. దేవుడు గీ కిందున్నడు, సార్ గిట్లనే రాసి చూపిండు" అంది. అత్తమ్మ నోరు ఆగలేదు. వేలు మాత్రం షైనీ చూపిన చోటికి జరిపింది.

జనవరి 20

ఈ నెలంతా గుణింతాలు. కళ్లతో చూసి ఊహించి చెప్పేయబోతుంది, నేను నోరు మూసుకుని కూర్చుంటాను. ముందు చదవకుండా ఉండడం ఇంత కష్టమని తెలియదు.

ఫిబ్రవరి 10

మధ్యాహ్నం. మిరపకాయలు ఎండబెట్టి వచ్చి కూర్చున్నాను. షైనీ బడికి పోతే ఇల్లు ఇల్లులా లేదు. మేకలకు మేత వేస్తూ పాఠం చదవబోయి నోరు మూసుకున్నాను పొద్దున. వినేవాళ్లెవరు? అది అక్కడ ఎవరి పక్కన కూర్చుందో, ఎవరేమన్నారో. రోజూ సాయంత్రం దాకా ఒకటే బెంగ.

ఇంతవరకు రాశాను. బడి విడిచినట్టున్నారు. షైనీ ఎప్పుడొచ్చిందో చప్పుడు లేకుండా వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించింది. సంచీ కూడా దించలేదు. నేను రాసిన చివరి మాట మీద వేలు పెట్టింది. "బె" అంది. తప్పేమో అని వెనక్కి పోయి మళ్లీ "బె" అంది. "బెం. గ." నా ముఖం చూడలేదు. కాగితమే చూస్తోంది.

"బెంగ. బెంగ అంటే ఏందమ్మా?"

మా ఇంట్లో ఎవరమూ ఆ మాట అనం. రంది అంటాం. అత్తమ్మ రంది అంటుంది, ఈయన రంది అంటాడు, నేనూ పైకి రంది అనే అంటాను. బెంగ అని నేను కాగితం మీద తప్ప ఎక్కడా అనలేదు. ఇది ఎవరి దగ్గరా వినలేదు. దీనికి ఎవరూ చెప్పలేదు.

"రంది" అన్నాను.

"నీకా? ఎవరి మీద?"

జవాబు చెప్పకుండా రాస్తున్నాను. రాస్తున్నదంతా వెనక నుంచి చదవాలని చూస్తోంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఊపిరి నా చెవిలో పడుతుంటే. ఇక ఈ డైరీ ఎక్కడైనా దాచుకోవాలి.